మన పిల్లలకు మాట్లాడే బొమ్మలు వద్దు



ఆగస్టు 9 దగ్గరపడుతుందంటే మన గ్రూపుల్లో చందాల లెక్క మొదలైతది. డప్పులకు ఎంత, భోజనాలకు ఎంత, ఫ్లెక్సీకి ఎంత అని. ఈ మధ్య ఆ లెక్కలో ఇంకో పద్దు కూడా చేరుతున్నది: గూడెం పిల్లలకు బొమ్మలు. ఈ ఆలోచన నాకు నచ్చింది. పలకలు, నోటుబుక్కులు పంచితే పిల్లలు ఫొటో కోసం నవ్వుతరు. బొమ్మ చేతిల పెడితే నిజంగనే నవ్వుతరు. నా పంచాయితీ అంతా ఏ బొమ్మలు కొనాలన్న దగ్గరనే ఉంది. గ్రూపుల్లోకి వచ్చే లింకులు చూస్తే అన్నీ ఒకటే రకం. ఒత్తితే ఇంగ్లిష్ రైమ్ పాడే ప్లాస్టిక్ ల్యాప్‌టాప్. ఏబీసీడీలు చెప్పే చిలుక. హిందీలో పలకరించే పిల్లి. డబ్బా మీద "ఎడ్యుకేషనల్" అని రాసి ఉంటది కాబట్టి, ఏదో మంచి పని చేస్తున్నమని మనకు ధైర్యం.

ఆ పైసలతో మాట్లాడే బొమ్మ ఒక్కటి కూడా కొనొద్దని నేనంటున్న. పాతకాలమే బంగారం అనే మనిషిని కాదు నేను. ఫోన్ లేకుండ నాకు పూట గడవదు. నా కారణం వేరే ఉంది, అది మన భాషకు సంబంధించింది. దాని దగ్గరికి వస్తా. ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పనియ్యండి.

నేనుండేది వేల్పూర్‌లో. ఆర్మూర్ పక్కన, పసుపు పండే మండలం. జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడ ఎటు చూసినా పసుపే. తవ్వుడు, ఉడకబెట్టుడు, కళ్లంలో ఆరబోసుడు, డ్రమ్ముల వేసి మెరుగుపెట్టుడు. తవ్వకాలకు కూలికొచ్చిన కుటుంబాల చిన్న పిల్లలు కళ్లం అంచున ఆడుకుంటుంటరు. వాళ్ల దగ్గర దుకాణంల కొన్న బొమ్మ ఒక్కటి ఉండదు. ఒకడు రెండు పాయలు చీలిన పసుపు కొమ్ము ఏరుకుంటడు. రెండు పాయలుంటే రెండు కొమ్ములున్నట్టు, అంటే అది ఎద్దు. అట్లాంటిదే ఇంకోటి దొరికిందా, ఇగ జత కుదిరినట్టే. గింజలు ఒలిచిన మక్క బెండు బండి అయితది. కొంచెం సేపటికి ఆ ఎద్దే ఫోన్ అయితది. చెవికి పెట్టుకొని "కాడికెంత? గోళకెంత?" అని పెద్ద సేటు లెక్క బేరం చేస్తడు. పక్కనున్న పిల్ల పచ్చి మక్క కంకి పీచుకు జడ అల్లి, దాన్ని ఒడిలో పడుకోబెట్టుకొని జోకొడుతుంటది. ఆ కంకికి జ్వరం వచ్చిందట. సేటు బేరం ఆపి డాక్టరై రావాలి. అదే పసుపు కొమ్ము ఇప్పుడు సూది.

అరగంటలో ఒక్క కొమ్ము మూడు వస్తువులైంది. ఎద్దు, ఫోన్, సూది. ఏ కంపెనీ చేసిన ఎద్దు బొమ్మ అయినా సూది కాగలదా? అది ఎద్దుగనే పుట్టింది, ఎద్దుగనే పగులుతది. బ్యాటరీ పెట్టిన ఎద్దయితే ఇంకా కష్టం. అది ఒకటే తీరు అరుస్తది, ఒకటే తీరు నడుస్తది. పిల్లగాడు చేయాల్సిందల్లా బటన్ ఒత్తి చూసుడు. ఆడేది బొమ్మ, చూసేది పిల్లగాడు.

ఈ సంగతి మీద చదువుకున్నోళ్లు చాలా రాసిండ్రు. 1971లో సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ శిల్పి ఒక వ్యాసం రాసి, పిల్లల చేతికి విడివిడి సామాన్లు ఇయ్యాలె అన్నడు. కదిలించగలిగేవి, కలపగలిగేవి, విడదీయగలిగేవి ఎన్ని ఎక్కువుంటే పిల్లలకు కొత్తది కనిపెట్టే అవకాశం అంత ఎక్కువ అని ఆయన వాదన. పెద్దోళ్లు అన్నీ ముందే తయారుచేసి పెట్టి, కనిపెట్టే సంతోషం తామే అనుభవించి, పిల్లలను మోసం చేస్తున్నరని ఆ వ్యాసం పేరులోనే ఉంటది. మన కళ్లం అంచుకు వచ్చి చూస్తే ఆయనకు ఆ వ్యాసం రాసే పనే ఉండకపోతుండె.

ఇగ అసలు ముచ్చట.

అమెరికాలోని నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీలో అన్నా సోసా అనే పరిశోధకురాలు 26 మంది పసిపిల్లలు తమ అమ్మానాన్నలతో ఇంట్లో ఆడుకుంటుంటే ఆ మాటలన్నీ రికార్డు చేసింది. పిల్లల వయసు 10 నుంచి 16 నెలలు. మూడు రకాల సామాన్లు ఇచ్చిండ్రు. శబ్దాలు చేసే ఎలక్ట్రానిక్ బొమ్మలు, చెక్క ముక్కల వంటి మామూలు బొమ్మలు, బొమ్మల పుస్తకాలు. ఎలక్ట్రానిక్ బొమ్మతో ఆడుతున్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి సుమారు 40 మాటలు మాట్లాడిండ్రు. మామూలు బొమ్మలతో 56. పుస్తకంతో 67. పిల్లలు చేసే ఊ, ఆ శబ్దాలు కూడా ఎలక్ట్రానిక్ బొమ్మ దగ్గర తగ్గినయి. 2016లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఇది అచ్చయింది. 26 మంది అంటే చిన్న లెక్కే, పైగా అమెరికా ఇండ్లు. కాని కారణం ఎవరికైనా అర్థమయ్యేదే. బొమ్మ మాట్లాడుతుంటే మనిషి నోరు మూసుకుంటడు. టీవీ నడుస్తున్న ఇంట్ల ఎవరు ఎవరితో మాట్లాడుతున్నరు? 2018 చివర్లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా బొమ్మల మీద ఒక నివేదిక ఇచ్చింది. మిలమిలలాడే ఖరీదైనవి అక్కర్లేదు, పిల్లా పెద్దా కలిసి ఆడే సాదా బొమ్మలే మేలని అందులో ఉంది.

అమెరికా పిల్లకు, మన పిల్లకు ఇక్కడ ఒక తేడా ఉంది. ఆ పిల్ల బొమ్మ ఇంగ్లిష్ మాట్లాడితే, ఇంట్లో అమ్మ భాష కూడా ఇంగ్లిషే. మాటలు తగ్గినయి కాని భాష మారలేదు. మన ఇంట్లకు ఆ బొమ్మ వస్తే ఏమైతది? ఆసిఫాబాద్ వైపు గోండు గూడెంలో అవ్వ గోండిలో మాట్లాడుతది. కొలాం గూడెంలో కొలామి. తండాలో గోర్ బోలి. గోండి కోట్ల రూపాయల మార్కెట్ లేని భాష. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో దానికి ఇంకా చోటు లేదు, కొలామికి అసలే లేదు. గోండి మాట్లాడే ప్లాస్టిక్ చిలుకను ఏ కంపెనీ చేస్తది? చేయదు. కాబట్టి మాట్లాడే ప్రతి బొమ్మా మన ఇంట్లకు వేరే భాష పట్టుకొనే వస్తది. అది మాట్లాడిన ప్రతి నిమిషం అవ్వ మాట్లాడని నిమిషం.

మాట్లాడని బొమ్మకు ఈ ఇబ్బంది లేదు. మట్టి ఎద్దుకు ఏ భాషా రాదు కాబట్టి ఏ భాషైనా వస్తది. పిల్ల దాన్ని గోండిలో తోలితే గోండి ఎద్దు, కొలామిలో తిడితే కొలామి ఎద్దు. పిల్ల తనకు తాను గొణుక్కుంటూ ఆడే ఆ మాటలున్నయి చూడండి, ఎవరికీ చెప్పనివి, బొమ్మకు చెప్పేవి, భాష నిజంగ నాటుకునేది ఆ మాటల్లోనే అని నా నమ్మకం. బడిలో తెలుగు, ఇంగ్లిష్ నేర్చుకోవాలె, అందులో నాకు రెండో మాట లేదు. మనం నేర్చుకున్నం కాబట్టే ఇది రాస్తున్న. కాని ఊహించుకునుడు అనేది ముందు అమ్మ భాషలో జరగాలె. ఊహ కూడా వేరే భాషలో రెడీమేడ్‌గా వస్తే మన పిల్లకు సొంతంగ మిగిలేది ఏంది? మాతృభాషలో చదువు కావాలని మనం ధర్నాలు చేస్తున్నం. అదే చేత్తో మూడేండ్ల పిల్లకు ఇంగ్లిష్ చిలుకను పంచితే ఎట్ల?

"మీకేందన్న, ఆదివాసీ పిల్లలు ఎప్పటికీ మట్టితోనే ఆడుకోవాల్నా? పట్నం పిల్లలకు రిమోట్ కార్లు, మన పిల్లలకు మక్క బెండ్లా?" అని ఒక తమ్ముడు నన్ను అడిగిండు. సరైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పకుండ ముందుకు పోలేం.

మొదటి సంగతి, పిల్లలకు మెరిసేదే కావాలె. ఇది కొత్తగ వచ్చిన జబ్బు కాదు. శూద్రకుని మృచ్ఛకటికం అనే పాత సంస్కృత నాటకం ఉంది. ఆ పేరుకు అర్థమే మట్టి బండి. అందులో పేదవాడైన చారుదత్తుని కొడుకు, పక్కింటి పిల్లగాడి బంగారు బండితో ఆడుకొని వచ్చి, తనకిచ్చిన మట్టి బండి వద్దని ఏడుస్తడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టి బండిలో నింపి, బంగారు బండి చేయించుకో అంటది. నాటకానికి ఆ ఏడుపు మీదనే పేరు పెట్టిండ్రు. అంటే పిల్లగాడు ఏడ్చింది మట్టికి కాదు, పక్కోడికి ఉన్నది తనకు లేదని. మన గూడెం పిల్ల రిమోట్ కారు అడిగినా ఏడుపు అదే. దాన్ని "మన సంస్కృతి కాదు" అని కొట్టిపారేస్తే ఆ పిల్ల మనసులో మన సంస్కృతి అంటే లేమి అనే ముద్ర పడుతది. ఒక రిమోట్ కారు కొనియ్యండి, తప్పులేదు. రెండు రోజుల్లో పాడైతది. పాడైనంక స్క్రూడ్రైవర్ కూడా ఇయ్యండి. దాంట్లో ఉన్న చిన్న మోటార్ తీసి అట్టముక్క రెక్కలు పెట్టి ఫ్యాను చేస్తడు. నా లెక్కలో రిమోట్ కారు నిజంగ బొమ్మ అయ్యేది అది పాడైనంకనే.

రెండో సంగతి, లేమి వేరు, సాదా వేరు. ఈ రెండింటినీ కలిపే మాటలు నాకు అస్సలు నచ్చవు. ఏసీ గదిలో కూర్చొని "ఆదివాసీ పిల్లలు ఎంత ధన్యులో, రాళ్లతో కూడా ఆడుకుంటరు" అనేవాళ్లను నేను విన్న. అదే మనిషి తన బిడ్డకు పాలిష్ చేసిన చెక్క ముక్కల పెట్టె వేల రూపాయలు పెట్టి తెప్పిస్తడు. సాదా బొమ్మ మంచిదని వాళ్లకూ తెలుసు. తేడా ఏందంటే, వాళ్ల పిల్లకు ఆ బొమ్మతో పాటు కడుపునిండా తిండి, ఆడుకునే గది, పక్కన కూర్చునే మనిషి ఉన్నరు. మన పిల్లకు బొమ్మ ఒక్కటే సాదా కాదు, చుట్టూ ఉన్నదంతా కరువే. కాబట్టి "మీకు చెట్లు, మట్టి ఉన్నయి కద, అంగన్‌వాడీకి బొమ్మలెందుకు" అని ఎవరైనా అంటే మనం ఊకోవద్దు.

ఆటకు బొమ్మ కన్నా ముందు టైం కావాలె. ఈ విషయంలో వేల్పూర్‌కు ఒక చరిత్ర ఉంది. మన పిల్లల్లో చాలామందికి తెల్వదు కాబట్టి చెప్తున్న. 2001లో, జి. అశోక్ కుమార్ నిజామాబాద్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు, ఈ మండలంలో 5 నుంచి 15 ఏండ్ల పిల్లలందరినీ పని మాన్పించి బడిలో వెయ్యాలని ఊరూరా కదిలిండ్రు. సర్పంచులు ప్రభుత్వంతో ఒప్పందాలు రాసుకున్నరు. పిల్లలను జీతానికి పెట్టుకున్న ఆసాములు, ఆ అప్పులు మాఫీ చేస్తున్నమని సభల్లో అందరి ముందట చెప్పిండ్రు. ఆ సంవత్సరం అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించిండ్రు. "మా ఊళ్లో బాలకార్మికులు లేరు" అని ఊళ్లల్లో బోర్డులు పెట్టుకున్నరు. ఇది చిన్న విషయం కాదు. అప్పు కింద పిల్లను పనికి పెట్టే పద్ధతి మన జనానికి ఎంత దగ్గరిదో మన ఇండ్లల్లో తాతలను అడిగితే చెప్తరు.

ఆ పోరాటాన్ని చూసినోళ్లు ఒక సంగతి ఒప్పుకుంటరు. పసులు కాసే పిల్ల చెట్టుకింద గచ్చకాయలు ఆడుకుంటది కద, అది కూడా బాల్యమే కద అని అప్పుడూ వాదించినోళ్లుంటరు, ఇప్పుడూ ఉన్నరు. కాదు. ఆట అంటే వద్దనుకున్నప్పుడు ఆపగలిగేది. పిల్ల చేతికి చిన్న పార ఇచ్చి, పసుపు కొమ్ములు ఏరు అంటే, అది చూడముచ్చటగ ఉండొచ్చు గాని దాని పేరు చిన్న కూలి. పొద్దంతా ఏరి అలసిపోయిన పిల్లకు కొమ్ములో ఎద్దు కనిపించదు, తట్ట కనిపిస్తది. కళ్లం అంచున ఆ సేటు, ఆ డాక్టరమ్మ ఆటలు నడవాలంటే వాళ్లు కూలి లెక్కలో ఉండొద్దు. దీన్ని మరిచిపోయి ప్రకృతి ఆటలు అని పొగిడితే, పిల్లలను మళ్లీ పనికి పంపేటోళ్లకు మనమే మాట సాయం చేసినట్టు.

ఇంకో దిక్కు నుంచి కూడా టైం పోతున్నది. పని నుంచి తప్పించిన పిల్లను బడి మింగుతున్నది. మూడేండ్లకే వ్యాన్, సాయంత్రం హోంవర్క్, ఆదివారం ఫోన్. ఆశ్రమ పాఠశాలల్లో పెద్దపిల్లలకు వాలీబాల్ ఉంటది, కబడ్డీ కోర్టు ఉంటది. అమ్మను వదిలి వచ్చిన మూడో తరగతి పిల్ల రాత్రి పడుకునేముందు చేతిలో పట్టుకోవడానికి ఏముంటది? ట్రంకు పెట్టె తాళం చెవి. మనలో హాస్టల్‌లో చదివినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

హక్కుల భాషలో కూడా ఇది మనదే. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది, భారత్ 1992లో దానికి ఒప్పుకుంది. అందులో 30వ అధికరణం మూలవాసుల పిల్లలకు తమ సంస్కృతి, తమ భాష హక్కు అంటది. 31వది ఆడుకునే హక్కు. పక్కపక్కనే ఉన్నయి. మనం 30ని పట్టుకొని ఎన్నో వినతిపత్రాలు ఇచ్చినం. 31ని పట్టుకున్నోళ్లను నేను చూడలేదు. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్‌లో కూడా బడికి ఆటస్థలం ఉండాలె, ప్రతి తరగతికీ అవసరమైనంత ఆట సామాను ఇయ్యాలె అని ఉంది. "ప్రతి తరగతికీ" అన్న మాట గుర్తుపెట్టుకోండి. హెడ్మాస్టర్ గదిలో ఒక క్యారమ్ బోర్డు ఉంటే సరిపోదు.

మరి మన దగ్గర ఏమున్నయి? ఉన్నయి, మస్తుగున్నయి. ఆదిలాబాద్ గూడేల్లో పొలాల పండుగకు వెదురుతో మరుగోళ్లు చేసుకొని పిల్లలు ఊరంతా నడుస్తరు, పండుగ అయిపోయినంక వాటిని ఊరి పొలిమేరలో వదిలేసి వస్తరు. ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండుగకు అదే మరుగోళ్లను గేడీ అంటరు. నాకు ఇందులో నచ్చేది ఏందంటే, ఆ బొమ్మను కొనుడు లేదు, దాచుడు లేదు. మళ్లీ ఏడాది కాళ్లు పెరుగుతయి కాబట్టి కొత్త కొలతతో కొత్తది చేసుకోవాల్సిందే. బస్తర్‌లో గోంచా పండుగకు వెదురు గొట్టంలో పచ్చి కాయ దూర్చి పేల్చే తుప్కీ చేస్తరు. గాలిని బిగించి వదిలితే ఏమైతదో ఫిజిక్స్ టీచర్ చెప్పకముందే ఆ పిల్లలకు తెలుసు. మన తెలంగాణ ఊళ్లల్లో జొన్న బెండు బండ్లు, తాటికాయల బండ్లు, బువ్వగురుగులు, చింతగింజల ఆటలు, పాత టైరు. బండి చేసే పిల్లగాడికి చక్రం ఎందుకు వంకర పోతున్నదో తెలుసుకునుడే పెద్ద చదువు.

నిర్మల్ బొమ్మలు కూడా మన అడవి పొనికి కర్రతోనే చేస్తరు. అందమైనవే. కాని నిజం చెప్పాలంటే అవి అద్దాల బీరువాకు పోయే బొమ్మలు, పిల్లల చేతికి పోయేవి కావు. పిల్లల కోసమైతే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క బొమ్మలు మేలు. అంకుడు కర్ర, చెట్ల రంగులు, నోట్లో పెట్టుకున్నా భయం తక్కువ. బొంగరాలు, గిలక్కాయలు, చక్రాల బండ్లు చేస్తరు.

ఇట్లాంటి సామానుతో ఎంత దూరం పోవచ్చో చూడాలంటే అరవింద్ గుప్తా పని చూడండి. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఇంజనీర్. 1978లో లారీల కంపెనీ ఉద్యోగానికి సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లెలకు పోయిండు. అక్కడి వారసంతలో దొరికే సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి త్రిభుజాలు, ఇండ్లు, గోళాలు కట్టించిండు. తర్వాత జీవితమంతా చెత్తతో బొమ్మలు చేసుడే ఆయన పని. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సామానంతా మన అంగడిలో దొరికేదే, మన పోరగాళ్లు రోజూ తొక్కుకుంటూ పోయేదే.

ఇగ ఆగస్టు 9 చందా దగ్గరికి వద్దాం. ఇంటికొక బొమ్మ పంచుడు బంద్ చేసి, గూడేనికి ఒక పెట్టె పెడదాం. అమెరికాలో టొలీడో యూనివర్సిటీ వాళ్లు 2018లో 36 మంది చిన్న పిల్లలతో చూసిండ్రు. ముందర 16 బొమ్మలు పెడితే పిల్లలు ఒకటి పట్టి ఇంకోటి విడిచిండ్రు. 4 బొమ్మలు పెడితే ఒక్కో బొమ్మతో సుమారు రెండింతల సేపు, ఎక్కువ రకాలుగా ఆడిండ్రు. కాబట్టి పెట్టె నింపాలనే ఆత్రం వద్దు. మా వైపైతే నేను ఇవి పెడతా: ఊరి వడ్లాయన దగ్గర కోయించి, అంచులు నున్నగ గీకించిన చెక్క ముక్కలు ఒక యాభై, వేరే వేరే కొలతలవి. టైలర్ దగ్గర మిగిలిన పెద్ద గుడ్డముక్కలు, ఒక పాత చీర. చీర ఒక్కటి చాలు, ఇల్లు అయితది, వాగు అయితది, ఊయల అయితది. కుమ్మరి మట్టి ఒక తొట్టెడు. తాడు, వెదురు గొట్టాలు, కొబ్బరి చిప్పలు, చిన్న గిన్నెలు. రెండు బంతులు. అవ్వల చేత కుట్టించిన గుడ్డ బొమ్మలు నాలుగైదు, మొహం లేకుండ. మొహం మీద నవ్వు గీసిపెడితే ఆ బొమ్మ ఏడవలేదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలె, ఇక్కడ నేను కఠినమే. సహజం అంటే భద్రం అని కాదు. గురివింద గింజలు ఎర్రగ ముద్దొస్తయి, నమిలితే ప్రాణం తీస్తయి. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు కూడా విషమే. మూడేండ్ల లోపు పిల్లల దగ్గర చింతగింజలు, గోటీలు, చిన్న రాళ్లు పెట్టొద్దు, గొంతుకు అడ్డంపడితయి. పసుపు, మక్క చేన్లకు కొట్టిన మందు డబ్బాలు, సీసాలు కడిగినా సరే ఆటకు ఇయ్యొద్దు. మా కళ్లాల దగ్గర నాకు అన్నింటికన్నా భయం అదే. ఇంట్ల లైట్ల బొమ్మ ఇప్పటికే ఉంటే దాని కింద ఉండే గుండీ బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉన్నదా చూడండి. పిల్ల అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతది, ఆగకుండ పెద్ద దవాఖానకు తీసుకపోవాలె. దుకాణంల కొనే బొమ్మకు 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అంగట్లో గుట్టలుగ పోసి అమ్మేవాటి మీద అది ఉన్నదా అని తిప్పి చూడండి.

పెట్టె పెట్టినంక ఒక మనిషి కావాలె. ఆట నేర్పనీకి కాదు, పక్కన కూర్చొనీకి. ఇది గూడెంలో పనికి పోలేని అవ్వ, తాత చేయగలరు. వాళ్లకు కూడా మాట్లాడే తోడు దొరుకుతది, పిల్లకు భాష దొరుకుతది. మన డిగ్రీ పిల్లలు వారానికి ఒక సాయంత్రం పోయినా చాలు. పోతే ఒక షరతు: "ఇది ఏందిరా?" అని అడగొద్దు. పిల్ల చేతిలోని చెక్కముక్క బస్సు అని చెప్పేంత వరకు మీరే బస్సు అనొద్దు. ఫోన్ తీసి వీడియో కూడా చేయొద్దు. కెమెరా చూసినంక పిల్ల ఆడదు, నటిస్తది.

ఆఖరుగ అంగన్‌వాడీ సంగతి. చాలా చోట్ల బొమ్మలు ఉన్నయి, బీరువాలో ఉన్నయి. సూపర్‌వైజర్ వచ్చిన రోజు బయటికి వస్తయి, మళ్లీ లోపలికి పోతయి. దీనికి టీచర్‌ను తిట్టకండి. బొమ్మ స్టాక్ రిజిస్టర్‌లో రాసి ఉంటది, పగిలితే జవాబు ఆమె చెప్పాలె, ఆమె జీతం మనకు తెలిసిందే. మనం ఐసీడీఎస్ ఆఫీసుకు ఇచ్చే వినతిపత్రంలో కొత్త బొమ్మలు అడిగే ముందు ఇవి రెండు రాద్దాం. బొమ్మలు పిల్లలకు చేయి అందే ఎత్తులో తెరిచిన అరలో ఉండాలె. ఆడి అరిగిపోయిన, పగిలిపోయిన బొమ్మను టీచర్ మీద వేయకుండ రిజిస్టర్‌లో కొట్టేయడానికి రాతపూర్వక ఉత్తర్వు ఇయ్యాలె. డ్రాఫ్ట్ నేను రాసి గ్రూపులో పెడతా, మీ మీ మండలాల అంగన్‌వాడీల పేర్లు కింద చేర్చి పంపండి.